ఏడు వందల నలభై మూడు అట్టముక్కలు

ఒమాన్‌లోని సీబ్‌లో నేను పనిచేసిన పాలీక్లినిక్కుకి 1995 జనవరిలో కంప్యూటరు వచ్చింది. దానికోసం రిసెప్షన్ వెనకున్న చిన్నగది ఖాళీ చేయించి, కొత్త ఏసీ పెట్టించి, తలుపుకి తాళం వేశారు. పక్కనే ఉన్న రికార్డు గదిలో సామ్రాజ్యం అనే ఆవిడ ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఆ గదికి మాత్రం ఒక పంకా ఉండేది. అది తిరిగితే గాలికన్నా కాగితాల దుమ్మే ఎక్కువ వచ్చేది. ఎవరికి ఎంత మర్యాదో మాకందరికీ అప్పుడే తెలిసిపోయింది.

నేనక్కడ టైపిస్టుని. అడ్మినిస్ట్రేటర్ ప్రభాకర్ గారు చెప్పింది టైపు కొట్టడం, ఆయన సంతకం పెట్టినవి పంచిపెట్టడం నా పని. ఆయన పేరుకి 'గారు' తగిలిస్తున్నాను, చేతికి అలవాటై. సామ్రాజ్యం పేరుకి ఆ రోజుల్లో ఎవరూ తగిలించలేదు.

ఆవిడ నరసాపురం పక్క ఊరి మనిషి. అక్కడొక మిషన్ ఆస్పత్రి రికార్డు గదిలో పదిహేనేళ్లు చేసి, 1987లో ఒమాన్ వచ్చింది. నలభై ఏడేళ్లుంటాయి అప్పటికి. పొట్టిగా, మెడలో దారానికి కట్టిన కళ్లజోడుతో, చేతిలో ఎప్పుడూ నాలుగు ఫైళ్లతో కనిపించేది. ఎందుకొచ్చారు ఇంత దూరం అని ఎవరన్నా అడిగితే, "వీసా వచ్చిందండి, వచ్చేనండి," అనేది. అంతకుమించి తన గురించి మాట్లాడగా నేను వినలేదు. శుక్రవారం సెలవునాడు పొద్దున రువీ పట్నంలో చర్చి ఆరాధనకి వెళ్లొచ్చి, మధ్యాహ్నం బట్టలుతుక్కునేది. మిగతా ఆరు రోజులూ రాక్‌ల మధ్యనే.

మిషన్ ఆస్పత్రిలో నేర్చుకున్న ఒక పద్ధతిని ఆవిడ ఇక్కడా వదల్లేదు. రాక్‌లో ఏ నంబరు చోటూ వట్టిగా ఉండకూడదు. ఫైలు డాక్టరు దగ్గరికి పోతే ఆ సందులో ఒక అట్టముక్క నిలబెట్టాలి. దానిమీద ఫైలు నంబరూ, తీసుకెళ్లినవాళ్ల పేరూ రాయాలి. ఫైలు తిరిగొస్తే అట్ట బయటికొస్తుంది. మందుల పెట్టెలు కత్తిరించి ఆ అట్టలు తనే చేసుకునేది. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ గదిలో ఫైలు అడిగితే మూడు నిమిషాల్లో చేతిలో ఉండేది. మా డాక్టర్లు దీన్ని గాలి, వెలుతురు లాగ తీసుకున్నారు. ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

కంప్యూటరు రాకముందు కొత్త రోగికి నంబరు వేసేది ఆవిడే. పెద్ద రిజిస్టరు ఉండేది. కంప్యూటరు వచ్చాక ఆ పని దానిదైంది, నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యాయి. రిసెప్షన్‌లో జూలీ అనే అమ్మాయి రోగి పేరు కొడితే, నంబరు దానంతటదే పుట్టి స్టిక్కరు మీద అచ్చయి వచ్చేది. ఆ స్టిక్కరు అంటించిన ఫైలు సామ్రాజ్యం దగ్గరికి చేరేది. రిజిస్టరుని అటకెక్కించారు. "ఇక నీకు పని తగ్గింది," అన్నారు ప్రభాకర్ గారు. తగ్గిందన్నమాట నిజమే. నంబరు వేసే పని తగ్గింది, నంబరు ఎటుపోయిందో వెతికే పని మొదలైంది.

అది మే నెలలో మొదలైంది. దానికి మూలమైన మెమో టైపు కొట్టింది నేనే.

క్లినిక్కు పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉండేది. మధ్యాహ్నం అందరం రూములకు పోయి తిని పడుకునేవాళ్లం. ఎండాకాలం అక్కడ ఎవరూ మధ్యాహ్నం బయట తిరగరు. మే మొదట్లో మా అర్బాబ్, అంటే క్లినిక్కు యజమాని, సోహార్ వెళ్లొస్తూ దారిలో తగలబడ్డ దుకాణం ఒకటి చూశాడట. మూసిన గదిలో ఏసీ నడిచి మంటలంటుకున్నాయని అక్కడెవరో చెప్పారట. ఆయన టీ తాగుతూ ఆ మాట అన్నాడు, అంతే. ఏమీ చెయ్యమని చెప్పలేదు. ప్రభాకర్ గారు మాత్రం ఆ సాయంత్రమే నన్ను పిలిచి మెమో చెప్పారు: ఇకమీదట ప్రతిరోజూ సరిగ్గా ఒంటిగంటకి మెయిన్ స్విచ్ దించేయాలి. మందుల ఫ్రిజ్‌ల లైను ఒక్కటే వదలాలి. యజమాని నోట్లో మాట పూర్తికాకముందే మెమోగా మార్చడంలో ఆయన్ని మించినవాడు ఆ తీరంలో లేడు.

మెయిన్ దించాల్సింది మల్లేశం. జగిత్యాల వైపు మనిషి. కరెంటు పని, నల్లా పని, కుర్చీలకు మేకులు కొట్టడం అన్నీ అతనివే. మెమో అందుకుని అతను ప్రభాకర్ గారి గదిలోకి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"సార్, కంప్యూటర్ను మెల్లగ బందు చేసినంక గుంజితె మంచిగుంటది," అన్నాడు.

"దానికి బాటరీ పెట్టె ఉంది. అది చూసుకుంటుంది."

"బాటరీ పెట్టె గడియసేపు కోడిపిల్ల లెక్క కియ్యకియ్యమంటది సార్. గంతే. అటెనుక సప్పుడుండదు."

"మెమో చదివావా?"

"ఇంగ్లీషుల ఉన్నది సార్."

"అందులో నీ అభిప్రాయం అడిగినట్టు ఎక్కడైనా ఉందా?" అని ప్రభాకర్ గారు నా వైపు చూసి నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాననే గుర్తు.

మల్లేశం మెమోని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచి జేబులో వేసుకున్నాడు. కంపెనీలు మారి మారి వచ్చినవాడు. కాగితం మీదున్న ఏ సంతకాన్నీ పారేసేవాడు కాదు.

కంప్యూటరుని పద్ధతి ప్రకారం ఆపాలంటే పది నిమిషాలు పడుతుంది. రాత్రి ఆఖరి డాక్టరు కోసం జూలీ ఎలాగూ కూర్చోవాలి కాబట్టి, రాత్రిపూట ఆ అమ్మాయి దాన్ని సవ్యంగా ఆపేసేది. మధ్యాహ్నం అలా కాదు. స్టాఫ్ బస్సు ఒంటిగంట ఐదుకి కదిలిపోయేది, ఎవరికోసమూ ఆగేది కాదు. జూలీ ఒంటిగంటకి బ్యాగు తగిలించుకునేది. మల్లేశం ఒంటిగంటకి మెయిన్ గుంజేవాడు. తాళం వేసిన గదిలో కోడిపిల్ల కాసేపు అరిచి ఊరుకునేది.

వారం తిరగకుండానే సామ్రాజ్యం రాక్‌లలో సందులు చూసింది. 3553 తర్వాత ఫైలు 3561. మధ్యలో ఏడు లేవు. మర్నాడు మరో పన్నెండు. ఆ మర్నాడు మూడు. కంప్యూటరు కంపెనీ తరఫున నెలకోసారి రువీ నుంచి ఆండ్రూ అనే గుంటూరు కుర్రాడు వచ్చేవాడు. టై కట్టుకుని, చంకలో ఒక బరువైన పుస్తకం పెట్టుకుని తిరిగేవాడు. ఆ పుస్తకం మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా చింపలేదు. ఆవిడ అతన్నే అడిగింది.

"3557 ఎవరిదండి బాబూ?"

"ఎవరో పేషెంటుది ఆంటీ."

"పేరేంటండి?"

అతను కొట్టి చూశాడు. "పేరు రావట్లేదు. ఎవరో డిలీట్ చేసుంటారు."

"ఎవరండి?"

"ఎవరో ఒకరు ఆంటీ. నంబరు ఆటోమేటిగ్గా వస్తది. మనిషి వేలు పెట్టేది లేదు. మరి తప్పెట్టా వచ్చిద్ది? మనుషులే ఏదో చేసుంటారు."

తన యంత్రాన్ని కాపాడుకోవడానికి ఆ అబ్బాయి అలవోకగా అనేసిన ఆ మాటను ప్రభాకర్ గారు చెవిలో వేసుకున్నారు. సామ్రాజ్యం మాత్రం వెనక్కి వెళ్లి, తనకి తెలిసిన పద్ధతే చేసింది. 3554 నుంచి 3560 దాకా ఏడు అట్టముక్కలు కత్తిరించి, నంబర్లు వేసి సందులో నిలబెట్టింది. పేరు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు, ఎవరూ తీసుకెళ్లలేదు కాబట్టి. ఆ రోజునుంచి లేని ప్రతి నంబరుకీ ఒక అట్ట. మే పోయింది, జూన్ పోయింది, జూలై పోయింది.

ఆగస్టులో ఆరోగ్యశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. లైసెన్సు పొడిగించడానికి ముందు సెప్టెంబరులో ఇన్‌స్పెక్టరు వచ్చి రికార్డులు చూస్తాడని. దాంతో ప్రభాకర్ గారు తన ఉద్యోగకాలంలో మొదటిసారి రికార్డు గదిలోకి అడుగుపెట్టారు. వెనకాల నేను, నోటుపుస్తకంతో. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని రాక్‌ల మధ్య నడుస్తూ ఆయన అట్టల దగ్గర ఆగారు.

"ఇవేమిటి?"

"అట్టలండి. ఫైలు లేనికాడ పెడతామండి."

"అంటే ఫైలు ఉండాల్సిన చోటు."

"నంబరు ఉండాల్సిన చోటండి."

"నంబరుంటే ఫైలుంటుంది. లేదంటే ఎవరో తీశారు. తీసినవాళ్ల పేరేది?"

"ఎవరూ తియ్యలేదండి. అందుకే రాయలేదండి."

"ఎవరూ తియ్యకపోతే అట్ట ఎందుకు పెట్టావు?"

ఆవిడ పక్కకి ఒరిగిన అట్టనొకదాన్ని సరిగా నిలబెట్టింది. ఆ ప్రశ్న అడిగి ప్రభాకర్ గారు ఎంత సంతోషపడ్డారో ఆయన చెవులు చెప్పాయి. సంతోషిస్తే ఆయన చెవులు ఎర్రబడేవి. ఆ సాయంత్రం నన్నూ జూలీనీ కూర్చోబెట్టి లెక్కపెట్టించారు. ఆఖరి నంబరు 7081. ఆ కొత్త వరసలో రాక్‌లో ఉన్న ఫైళ్లు, డాక్టర్ల బల్లల మీదున్నవి కలిపి 6338. పేరు రాయని అట్టలు సరిగ్గా 743. ఒక్కటి అటూ ఇటూ కాలేదు. నిజానికి ఆ లెక్క అంత కచ్చితంగా కుదిరిందంటే ఆ గదిలో ఒక్క కాగితం కూడా పోలేదని అర్థం. ఫైళ్లు పోగొట్టే మనిషి, పోయినవాటికి ఇంత శ్రద్ధగా అట్టలు కత్తిరిస్తుందా? ఆ ఆలోచన రావడానికి చదువు అక్కర్లేదు. ప్రభాకర్ గారికి రెండు డిగ్రీలున్నాయి.

రోడ్డుకి అవతల ఆ ఏడాదే ఇంకో క్లినిక్కు తెరిచారు. మా రోగులు కొందరు అక్కడికి పోతున్నారు. ఇవీ, ఆండ్రూ అన్న 'డిలీట్' మాటా కలిపి ఆయన ఒక కథ అల్లారు. సామ్రాజ్యం ఫైళ్లు అవతలవాళ్లకి చేరవేస్తోందట. చేరవేసి కంప్యూటర్లో పేర్లు చెరిపేస్తోందట. ఆవిడకి కంప్యూటరు గది తాళంచెవే లేదన్న సంగతి ఆ కథలో ఎక్కడా తగల్లేదు.

మర్నాడు మెమో చెప్పారు. మీ కాపుదలలో ఉన్న 743 ఫైళ్లు కనిపించడం లేదు. పోయిన ఫైళ్ల జాబితా వెంటనే ఇవ్వాలి. సెప్టెంబరు పదిహేనులోగా ఫైళ్లు అప్పగించాలి, లేదా తప్పు ఒప్పుకుని సంతకం చేయాలి. లేకపోతే ఆ నెలాఖరుతో ముగిసే కాంట్రాక్టు పొడిగించం, అనుభవ పత్రంలో ఈ సంగతి రాస్తాం. పైన ఆవిడ పూర్తిపేరు, బ్యాడ్జి నంబరు. నేను మూడు కార్బన్ కాపీలతో, ఒక్క తప్పు లేకుండా కొట్టాను.

కాగితం చేతికిచ్చినప్పుడు ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇంటికి పొమ్మంటే పోతానండి," అంది ప్రభాకర్ గారితో. "ఎప్పటికైనా పోయేదాన్నే. ఇరవై మూడేళ్లు ఫైళ్లే చూసేనండి. ఫైళ్లు పోగొట్టిందని రాయించుకుని మాత్రం పోనండి."

"అయితే ఫైళ్లు తీసుకురా."

"లేనివి ఎక్కణ్ణించి తెస్తానండి?"

"అదే నేనూ అడుగుతున్నాను," అన్నారాయన, చెవులు ఎర్రగా.

జాబితా రాయడానికి పగటి డ్యూటీలో వీలుకాదు కాబట్టి ఆవిడ మధ్యాహ్నం బస్సు మానేసింది. కరెంటు లేని గదిలో, ఆగస్టు ఎండలో, కిటికీ పక్కన స్టూలు వేసుకుని మూడు మధ్యాహ్నాలు రాసింది. రాక్ చూసి నంబరు, ముందున్న ఫైలు, తర్వాతున్న ఫైలు, వాటి తేదీలు. నాలుగో రోజు టైపు చెయ్యమని నాకిచ్చింది.

"కొట్టేటప్పుడు ప్రతి సందులోనూ ఆఖరి నంబరు చూడు బాబూ," అంది.

కొట్టడం మొదలుపెట్టాను. 3554 నుంచి 3560. 3589 నుంచి 3600. 3638 నుంచి 3640. సందు ఎక్కడ మొదలయ్యేదీ ఒక వరస లేదు. ముగిసేది మాత్రం ఎప్పుడూ ఇరవై మీదో, నలభై, అరవై, ఎనభై మీదో, వందమీదో. నాలుగు పేజీల దాకా చూసి చెయ్యి ఆపాను.

"ఇంకోటండి," అంది ఆవిడ. "సందుకి ముందున్న ఫైలు మీద డాక్టరుగారి పొద్దుటి ముద్ర ఉంటదండి. తరవాత దానిమీద సాయంత్రం ముద్ర. అన్నీ అంతేనండి. రాత్రికీ పొద్దుటికీ మధ్యన ఒక్క నంబరు పోలేదు. దొంగకి మధ్యాన్నం పూటే తీరికేంటండి మరి?"

అప్పుడే మెట్ల దగ్గర బోర్డు మూస్తున్న మల్లేశాన్ని పిలిచింది. "మల్లేశం, మధ్యాన్నం పూట ఇక్కడేం జరుగుద్దయ్యా?"

"ఏం జరుగది అక్కా. మెయిన్ గుంజుత, పోత. అంతకుముందు గుంజెటోన్ని కాదు. మే నెల సంది గుంజుతున్న."

"కంప్యూటరు ఆపేకేనా?"

"ఆపెటోళ్లు ఎవలున్నరు? ఉట్టిగనే సచ్చిపోతది అది. నాలుగ్గొట్టంగ మళ్ల లేస్తది."

ఆవిడ మిషన్ ఆస్పత్రిలో టోకెన్లిచ్చే ప్యూను సంగతి చెప్పింది. ఒక్కొక్కటీ చింపడం బద్ధకమై ఆ ప్యూను ఒకేసారి ఇరవై టోకెన్లు చింపి చొక్కా జేబులో పెట్టుకునేవాడట. డ్యూటీ దిగి జేబులో మిగిలినవాటితోనే ఇంటికి పోయేవాడట. తర్వాతవాడు కట్టలోంచి కొత్తవి చింపేవాడట. రోజూ నాలుగైదు టోకెన్లు గల్లంతు. రోగులు మాత్రం ఎవరూ గల్లంతు కాలేదు.

"ఇదీ ఆడిలాంటిదేనండి," అంది కంప్యూటరు గది వైపు చూసి. "ఇరవయ్యేసి చింపుకుంటది. ఉన్నపళంగా చంపేస్తే చేతిలోవి మర్చిపోద్ది."

ఎనిమిది నెలలుగా నెలనెలా వచ్చిన ఇంజనీరుకి తట్టనిది, పొద్దుటి ముద్రా సాయంత్రం ముద్రా చూసిన మనిషికి తట్టింది. అయినా ఆవిడ ఎవరి దగ్గరికీ పరిగెత్తలేదు. చూసి చెప్పాలి కదా అంది. మల్లేశాన్ని అడిగింది, మూడు రోజులు మెయిన్ దించకుండా ఉండగలవా అని.

"గుంజకుంటె నాకేమైతదక్కా?"

"మెమో వస్తదయ్యా. నిజం చెప్పాలి కదా."

"రానియ్యి. పాతదాని పక్కకే పెడ్త," అన్నాడు మల్లేశం.

ఊరికే వదిలేసి పోలేదు అతను. మంటల భయమన్నారు కాబట్టి శని, ఆది, సోమ మూడు మధ్యాహ్నాలూ బస్సు మానుకుని మెయిన్ బోర్డు పక్కనే గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. సామ్రాజ్యం తన డబ్బాలోంచి పులిహోర సగం అతనికి పెట్టింది. "గింత పులుపా అక్కా," అని మూతి వంకరపెట్టి అంతా తిన్నాడు. శనివారం పొద్దున ఆఖరి నంబరు 7196. సాయంత్రం మొదటి నంబరు 7197. ఆదివారం అంతే, సోమవారం అంతే. మే తర్వాత ఒక్క సందైనా లేని మూడు రోజులు అవే.

సోమవారం సాయంత్రం ఆవిడ జాబితా, ఈ మూడు రోజుల నంబర్లు పట్టుకెళ్లి ప్రభాకర్ గారి బల్లమీద పెట్టింది. ఆయన అంతా విన్నారు. విని, మల్లేశానికి మెమో చెప్పారు: ఉత్తర్వు ఉల్లంఘించినందుకు. నాకు నవ్వు రాలేదు ఈసారి.

అయినా భయం పుట్టినట్టుంది. ఆండ్రూని పిలిపించారు. ఆ అబ్బాయి మా అందరి ముందూ కూర్చుని ఆ బరువైన పుస్తకం ప్లాస్టిక్ తొడుగు మొదటిసారి చింపాడు. పావుగంట పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది. టై వదులు చేసుకున్నాడు.

"స్పీడు కోసం సార్. ఇరవై ఇరవై నంబర్లు ముందే మెమరీలోకి తీసుకుంటది. పద్ధతిగా ఆపితే మిగిలినవి వెనక్కి రాసుకుంటది. సడన్‌గా కరెంటు పోతే అవి పోతాయి. లేచాక కొత్త ఇరవై మొదలు. ఇది తప్పు కాదు సార్. ఫీచర్."

ఆ మాట వినగానే ప్రభాకర్ గారి మొహం తేటపడింది. తప్పుకి ఇంగ్లీషులో మంచిపేరు దొరికితే ఇక ఎవరి తప్పూ కాదు. ఆండ్రూ తప్పు కాదు, మెయిన్ ఆపమన్న ఆయన తప్పూ కాదు. ఇన్ని రోజులూ దొంగ అనిపించుకున్న మనిషి పక్కనే నిలబడి ఉంది. ఆవిడ వైపు ఎవరూ చూడలేదు.

"సరే, అయిందేదో అయింది," అన్నారాయన చివరికి. "ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా ఈ సందులన్నీ పూడ్చెయ్. 743 వట్టి ఫైళ్లు కట్టి పెట్టు. రాక్ నిండుగా కనపడాలి."

"వాటిమీద పేర్లేం రాయాలండి?"

"ఏవో పేర్లు. పేర్లకేం కరువు?"

"లోపల జొరవని రాయాలా, దగ్గని రాయాలాండి?"

ఆయన వెటకారం గమనించలేదు. "ఏదో ఒకటి."

"లేని మనిషికి జబ్బు రాయలేనండి," అంది సామ్రాజ్యం. "మరి నా మెమో సంగతేంటండి?"

"అది అలా ఉంటుందిలే. నిన్ను రెన్యువల్ చేస్తున్నాంగా. పట్టించుకోకు."

"పట్టించుకోవద్దని రాసివ్వండి. పట్టించుకోను."

ఆయన రాసివ్వలేదు. ఆవిడ ఫైళ్లు కట్టలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పొద్దున అందరం తెల్లచొక్కాలు వేసుకున్నాం. ఆయన పెద్దాయన, ఒమానీ. ఆ తీరం పాతతరం వాళ్లలాగే హిందీ బాగా మాట్లాడతాడు. మందుల గది, ఎక్స్‌రే గది చూసి రికార్డు గదికి వచ్చాడు. అట్టల వరస దగ్గర ఆగి ఒకటి బయటికి లాగి, ముందూ వెనకా తిప్పి చూశాడు.

"యే క్యా హై?"

"క్లర్కు పొరపాటు సార్," అని ప్రభాకర్ గారు ఇంగ్లీషులో ముందుకొచ్చారు. "చర్య తీసుకున్నాం."

పెద్దాయన చెయ్యెత్తి ఆయన్ని ఆపి, సామ్రాజ్యం వైపు చూశాడు. ఆవిడకొచ్చిన హిందీ గోదావరి హిందీ. అయినా మాట వంకర పోలేదు.

"యే నంబర్ కిసీకో దియా నహీ సాబ్. మషీన్ కే హాథ్ మే మర్ గయా." ఈ నంబర్లు ఎవరికీ ఇవ్వలేదనీ, యంత్రం చేతిలోనే చచ్చిపోయాయనీ చెప్పింది. తనని దొంగని చేసిన ఆగస్టు మెమో చూపించింది, జాబితా చూపించింది. మూడు రోజుల నంబర్లు చూపించింది.

"మషీన్ క్యోం మరా?" యంత్రం ఎందుకు చచ్చిందని అడిగాడాయన.

గుమ్మం దగ్గర నిలబడ్డ మల్లేశం జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. మే నెల మెమో, ఆ తర్వాత తనకొచ్చిన మెమో, రెండూ పక్కపక్కన. పెద్దాయన కిందున్న సంతకం చూశాడు, ప్రభాకర్ గారిని చూశాడు.

"బత్తీ తుమ్ బుఝాతే హో, చోర్ ఇస్ కో బోల్తే హో?" దీపం నువ్వార్పి దొంగ అని ఈమెనంటావా అని ఆయన గొంతు పెంచకుండానే అడిగాడు. ఒక్క ఫైలూ పోలేదని క్లినిక్కు కాగితం మీద రాసిస్తేనే తన రిపోర్టు మీద సంతకం పెడతానని చెప్పి, పక్కగదిలో కహ్వా, అంటే అక్కడి కాఫీ, తాగుతూ కూర్చున్నాడు.

ప్రభాకర్ గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి చెప్పారు. సాంకేతిక కారణాల వల్ల కొన్ని నంబర్లు జారీ కాలేదు, ఫైళ్లేవీ పోలేదు. రెండు వాక్యాలు. సామ్రాజ్యానికి కాపీ ఇచ్చాం. చదివి వెనక్కిచ్చింది.

"ఇందులో నా పేరు లేదండి."

"ఫైళ్లు పోలేదంటే నువ్వు పోగొట్టలేదనే కదా. ఎవరి పేరూ లేదు."

"ఆరోజు అన్నప్పుడు పేరుతో అన్నారండి."

పక్కగదిలో పెద్దాయన కాఫీ తాగే ఫింజాను, ఆ చిన్న కప్పు, చప్పుడైంది. ప్రభాకర్ గారు ఆవిడ పేరు చెప్పారు. నేను కొట్టాను. ఆగస్టు మెమో నంబరు, తేదీ వేసి, అది రద్దయినట్టు కూడా కొట్టేశాను. ఆ ముక్క ఆయన చెప్పలేదు. తలెత్తకుండా కాగితం అందించాను. ఆయనకి మళ్లీ కొట్టించేంత వ్యవధి లేదు. సంతకం పెట్టారు, ముద్ర వేశారు. పెద్దాయన చదువుకుని తన సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నాలుగు కాకముందే ప్రభాకర్ గారు సామ్రాజ్యాన్ని గదిలోకి పిలిచి రెన్యువల్ ఫారం ముందు పెట్టారు. పెన్ను మూత తీసి అందించారు. అంత మర్యాద ఆయన చేతుల్లో నేను అంతకుముందు చూడలేదు.

"ముందు నా పర్సనల్ ఫైల్లోంచి ఆ పాత మెమో తీసేసి, ఇది పెట్టండి," అంది ఆవిడ. "నా కళ్లముందు పెట్టండి. తరవాత సంతకం చేస్తానండి."

స్టాఫ్ ఫైళ్లన్నీ ఆయన గదిలో, ఆయన బీరువాలో ఉండేవి. తాళంచెవి ఆయన దగ్గరే. మొత్తం ముప్పై ఒక్క మందిమి, ముప్పై ఒక్క ఫైళ్లు. ఆయన బీరువా తెరిచి పై అర చూశారు. కింది అర చూశారు. ఏసీ కంపెనీల పుస్తకాలు తీసి నేలమీద పెట్టారు, పాత క్యాలెండర్లు తీశారు, ఖర్జూరం డబ్బా ఒకటి తీశారు. ఒక ఎక్స్‌రే టెక్నీషియన్ ఫైలు దొరికింది, అతను మూడేళ్ల కిందటే షినాస్‌లో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. సామ్రాజ్యం ఫైలు లేదు. మోకాళ్ల మీద కూర్చుని అడుగున వెతికారు. నన్ను కూడా చూడమన్నారు. నేను చూశాను, అంత తొందర పడకుండా.

"ఇక్కడే ఉండాలి," అన్నారాయన నేలమీంచే.

ఆవిడ నిలబడే ఉంది. సాయం చెయ్యమని ఆయన అడగలేదు, ఆవిడ చేస్తాననలేదు. బయట జూలీ మొదటి రోగి నంబరు పిలిచింది.

"దొరికేక పిలవండి సార్," అంది సామ్రాజ్యం. "ఓపీ మొదలైందండి." అని వెళ్లిపోయింది.

దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఫారం బల్లమీద అలాగే ఉంది, సంతకం లేకుండా.